శుక్రవారం లోపల

కర్నూలులో కన్సల్టెన్సీ ఏసీ గది బయట
మా నాయన చెప్పులు విడిచినాడు.
విడవాల్సిన పనిలేదు, అందరూ తొక్కుకుంటానే వస్తాండారు.
కుర్చీ అంచున కూర్చున్నాడు,
ఆదోని దూది భుజం మీద ఇంకా అట్లనే అంటుకొని.

"ఫిజిక్సా?" అన్నాడు టై కట్టుకున్న పిల్లోడు,
ఎవరికో ఒంట్లో బాగలేదని విన్నట్టు.
"డేటా సైన్స్ పెట్టుకోమ్మా, ఫీజు అదే."
నాయన నా దిక్కు చూసినాడు.
నేను గోడ గడియారంలో లోలకాన్ని చూస్తా ఉన్నా.
ఉత్త బొమ్మ అది. బ్యాటరీతో ఊగుతాది,
దాని పొడుగుకూ ఊగే కాలానికీ పొంతనే లేదు.
లేచి వచ్చేసినాం.

మూడు చోట్ల నుంచి రమ్మన్నారు.
ఒకటి, పేరు చెప్తే బస్సులో పక్క సీటాయన గూడా
"ఓహో" అనే చోటు.
ఒకటి సముద్రం గట్టున, ఏడాదంతా వానలంట.
"వానలంటే మంచిదే గదమ్మే" అనింది మా జేజి.
మూడోది నెదర్లాండ్స్‌లో, నోరు తిరగని ఊరు,
ర్యాంకుల పట్టీ మీద వేలుపెట్టి
కిందికి, ఇంకా కిందికి దిగితే గానీ దొరకదు.

బాకీల పుస్తకం వెనకట్ట మీద గడులు గీసినా:
ఫీజు, బాడుగ, అప్పు తీరే ఏండ్లు, చలి.
చలి గడిలో ఏం రాయాలో తెలీక
జేజినాయనను అడిగినా.
"ఎన్ని కిలోల బొంత పడతాదో రాయి" అన్నాడు.
రాసినా.
మూడున్నర. నాలుగు. నాలుగున్నర.

తొమ్మిదేండ్లప్పుడు
దూదేకే విల్లు ముందర కూర్చొని అడిగినా ఆయన్నే:
నరం మోగితే నడుమ దూది పొగమాదిరి లేస్తాది,
కొసన పెట్టిన పింజ కదలదు, ఎందుకు?
"అది కొస గాబట్టి" అన్నాడు.
అని, కొట్టేది ఆపి,
తానే శానాసేపు ఆ కొస దిక్కు చూసినాడు.
ఆరేండ్లకు పుస్తకంలో దొరికింది, అస్పందన బిందువు.
ఉరుక్కుంటా వచ్చి చెప్పినా.
"దానికి పేరు గూడా ఉండాదా" అన్నాడు, ఉగ్గాని తింటా.

మూడు చోట్లకూ ఒకటే ఉత్తరం పెట్టినా:
మీ ల్యాబులో ఈమధ్య చెడిపోయిన ప్రయోగమేది?
పేరున్న చోటు నుంచి రంగుల పుస్తకం వచ్చింది,
పచ్చగడ్డి మీద నలుగురు నవ్వుతా.
వానల చోటు నుంచి, ధన్యవాదాలు, అంతే.
మూడో చోట ఫెమ్‌కె అనే పరిశోధక విద్యార్థిని
అర్ధరాత్రి కూర్చొని రాసింది:
హీలియం గొట్టంలో ఏడు నెలలు లీకు,
ఒక ప్రొఫెసరు, ఇద్దరు పిల్లలు, ఒక వెల్డరు వెతికితే
ఆఖరికి వెంట్రుకంత పగులు.
కొట్టివేతలతో నల్లబడిన రికార్డు పేజీ ఫోటో పెట్టింది,
మూలన కాఫీ మరక.
కింద ఒక ముక్క: నీ మొదటి ప్రశ్న ఏది?

మా కాలేజీ రికార్డులో కొట్టివేత అనేదే నేను చూల్లేదు.
రీడింగులు ముందు బెంచీ నుంచి వెనక బెంచీకి వస్తాయి.
గురుత్వ త్వరణం ఎప్పుడూ తొమ్మిది పాయింటు ఎనిమిదే,
లోలకం దారం తెగినా సరే.

"ర్యాంకెంత?" అన్నాడు హుస్సేనప్ప మామ, ఫోన్లో.
చెప్పినా.
ఆయన మాట్లాడకుండా ఉన్న సెకండ్లు లెక్కబెట్టినా.
పదకొండు.

పేరున్న చోటి ఉత్తరం నేనింకా తీసేయలేదు.
రాత్రి రెండుసార్లు తెరిచినా. అబద్ధమెందుకు,
మూడుసార్లు.

శుక్రవారం లోపల దుడ్లు కట్టాల.
"ఏదిమే మరి?" అన్నాడు నాయన, షాపు షట్టరు దించుతా.
"నాలుగున్నర కిలోలది" అన్నా.

మిషను దూది వద్దని పట్టుబట్టినాడు జేజినాయన.
అటక మీద విల్లు దించి, దుమ్ము తుడిచి, నరం బిగించినాడు.
నేను రెండు పింజలు పెట్టినా,
నడుమ ఒకటి, కొసన ఒకటి.
కొట్టినాడు.
నడుమది ఎగిరి ఆయన మీసాల మీద వాలింది.
కొసది
కొంచెం కదిలింది.

కదలకూడదు.

ఇద్దరం ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం.
"జేజినాయనా," అన్నా, ఫోను కెమెరా తెరుస్తా,
"ఇంకొకసారి కొట్టు."